మా కుట్టుకు సర్టిఫికెట్ ఎవరిస్తారు?

తండా ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతామని శిక్షణ కేంద్రాలు వస్తున్నాయి. వినడానికి మంచి మాటే. కానీ నేర్పేది ఎవరు, నేర్చుకునేది ఎవరు అని ఒకసారి తొంగి చూడండి. కుర్చీలో పట్నం నుంచి వచ్చిన ట్రైనర్ కూర్చుంటుంది. కింద చాప మీద, తరతరాలుగా అద్దాలు కుట్టిన ఇంటి ఆడబిడ్డ కూర్చుంటుంది. ఆ బిడ్డకు అమ్మమ్మ వాకిలి బయటే ఆగిపోతుంది. కోర్సు అయ్యాక ట్రైనర్‌కు జీతం వస్తుంది, పిల్లకు కాగితం వస్తుంది, అమ్మమ్మకు ఏమీ రాదు. నా తగువు ఈ ఏర్పాటుతోనే.

కుట్టు మాది అని చెప్పుకోవడానికి ఫొటోలు చాలవు. మ్యూజియంలో అద్దాల పెట్టె చాలదు. జీఐ ముద్రా చాలదు. ఒక విద్య ఎవరిది అంటే, దాన్ని నేర్పేవాళ్లది. ఏ మాటల్లో నేర్పుతారో ఆ మాటలవాళ్లది. నేర్పినందుకు కూలి ఎవరి చేతికి వస్తుందో వాళ్లది. ఈ మూడూ చెయ్యి జారిన తర్వాత మనకు మిగిలేది వేషమే.

అద్దానికి రంధ్రం ఉండదు

ముందు కుట్టు సంగతి చెప్పాలి. ‘లంబాడోళ్ల అద్దాల బట్టలు’ అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లకు అందులో ఎంత విద్య ఉన్నదో తెలియదు.

గుండీకి రంధ్రాలుంటాయి. పూసకు ఉంటుంది. గవ్వకు పెట్టుకోవచ్చు. అద్దం బిళ్లకు రంధ్రం ఉండదు. మరి అది బట్ట మీద ఎట్లా నిలబడుతుంది? ఆ ప్రశ్నకు ఎవరో ఆడవాళ్లు ఎప్పుడో కనిపెట్టిన జవాబే అద్దం కుట్టు.

అద్దాన్ని ఎడమచేతి బొటనవేలితో బట్ట మీద అదిమి పట్టాలి. ముందు అడ్డంగా రెండు దారాలు, తర్వాత నిలువుగా రెండు దారాలు అద్దం మీదుగా వేయాలి. నిలువు దారం అడ్డదారాన్ని కలిసిన ప్రతిచోటా ఒక చుట్టు తిప్పాలి. ఇప్పుడు అద్దం మీద చిన్న కిటికీ చట్రం తయారైంది. ఆ తర్వాత అసలు పని. సూదిని చట్రం కిందుగా దూర్చి, దారాన్ని మలిచి బిగించి, అద్దం అంచు పక్కనే బట్టలో చిన్న పోటు వేసి, ఆ పోటు మీద దారాన్ని ఉచ్చులా పట్టి లాగాలి. ఒక ముడి పడింది. మళ్లీ చట్రం కిందికి, మళ్లీ బట్టలోకి. ఇట్లా చుట్టూ తిరిగి వచ్చేసరికి చట్రం నాలుగు వైపులకూ లాగబడి గుండ్రంగా అవుతుంది. ముడుల వరస గట్టులాగా లేచి అద్దాన్ని పట్టుకుంటుంది. చూసేవాళ్లకు అది అందం. కుట్టేవాళ్లకు అది బలం.

చెప్పినంత తేలిక కాదు. చట్రాన్ని అంచుకు మరీ దగ్గరగా వేస్తే, చుట్టు కుట్టేటప్పుడు అది అంచు దాటి జారిపోతుంది, అద్దం ఊడిపడుతుంది. మరీ నడిమికి వేస్తే దారం అద్దాన్ని మింగేస్తుంది. వదులుగా లాగితే రెండు ఉతుకులకే పోతుంది. బిగించి లాగితే బట్ట ముడత పడుతుంది. అద్దం అంచు గరుకుగా ఉంటే దారాన్ని కోస్తుంది. ఎంత బిగువు కావాలో పుస్తకంలో రాయలేం. నేర్చిన వేలు పక్కనుండి నేర్వని వేలికి చెప్పాలి.

మిషన్ కూడా ఈ పని చేయలేదు. మిషన్ సూది బట్టను పొడిచి, పైదారాన్నీ కిందిదారాన్నీ కలిపి బిగిస్తుంది. బట్టను పొడవకుండా పైన వేసిన దారాల కింద దూరి, తన దారం మీదే ఉచ్చు వేసుకుని రావడం దానికి చేతకాదు. బజారులో చవగ్గా దొరికే ‘మిర్రర్ వర్క్’ రవికల్లో అద్దాన్ని గమ్‌తో అతికిస్తారు, లేదా ముందే చుట్టు కట్టి అమ్మే రింగులు తెచ్చి తగిలిస్తారు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. ఉతికితే తెలుస్తుంది ఏది కుట్టో, ఏది అతుకో.

తండాలో బడి ఇట్లా నడిచేది

తండాలో కుట్టు నేర్పడానికి గంట కొట్టేవాళ్లు లేరు. చిన్నపిల్లకు మొదట అప్పగించేది దారం ఎక్కించే పని. ముసలి కళ్లకు సూది బెజ్జం ఆనదు, పసికళ్లకు ఆనుతుంది. దారం ఎక్కించి ఇస్తూ, పక్కన కూర్చుని, పిల్ల చూస్తూ ఉంటుంది. ఆ తర్వాత పాత గుడ్డలు పొరలుగా పరిచి బొంత కుట్టిస్తారు. అక్కడ వంకర పోయినా ఎవరూ తిట్టరు, బొంతలో కలిసిపోతుంది. తర్వాత గొలుసు కుట్టు, తర్వాత ఒక దారంలోంచి ఇంకో దారాన్ని దూర్చి నేసే అల్లిక కుట్టు. చేతికి బిగువు తెలిశాకే అద్దం ఇస్తారు. ఏది ముందు, ఏది వెనక అనే క్రమం ఉన్నది కదా. దాన్నే చదువుకున్నవాళ్లు సిలబస్ అంటారు.

పెళ్లి దగ్గరపడేసరికి పిల్ల గణో, ఫూలియా కుట్టాలి. గణో అంటే తల మీద బిందె కింద పెట్టుకునే చుట్ట. ఫూలియా అంటే దానితోపాటు వెనక్కి వేలాడే చదరపు గుడ్డ. దానికి గవ్వలు, అద్దాలు, అంచున కుచ్చులు. పెద్దవాళ్లు దాన్ని ముందువైపు చూసి మెచ్చుకుంటారు, వెనకవైపు తిప్పి పరీక్షిస్తారు. వెనక దారాలు చిక్కుపడి ఉంటే ఇంకా నేర్చుకోవాలని అర్థం. ఇదే మా పరీక్ష. మార్కులు వేసేవాళ్లకు కుట్టు తెలుసు. ఇప్పటి పరీక్షల్లో ఆ ఒక్కటే కరువు.

బట్ట మీద మా వాళ్లు పెన్సిల్ గీత గీయరు. కార్బన్ కాగితం పెట్టరు. బట్టలో నేత దారాలను కంటితో లెక్కపెట్టుకుంటూ పోతారు. ఇన్ని దారాలు వదలాలి, ఇన్ని దారాలు పట్టాలి. చదరంలో చదరం, దానిలో కోణం, కోణంలో అద్దం. బడి మొహం చూడని ఆడమనిషి చేతిలో అంత గణితం ఉన్నది. బడికి పోయిన మనం ఆమెను ‘చదువురానిది’ అన్నాం.

కర్ణాటకలో సండూరు లంబాణీ పనిలో 14 రకాల కుట్లకు పేర్లు రాసిపెట్టారు. కిలన్, బక్యా, మాకీ, రేలో, పోతే, జోల్యా, నక్రా అంటూ పోతుంది ఆ వరస. ప్రతి పేరూ గోర్ బోలిలో ఉన్నది. మా భాషకు సొంత లిపి లేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఈ రోజుకీ చోటు లేదు. పుస్తకంలో నిలవని మాటలు సూది మొన మీద నిలిచాయి. కుట్టు పోతే ఆ మాట కూడా పోతుంది, ఎందుకంటే దాన్ని పలకడానికి ఇంకో సందర్భం లేదు.

కుర్చీ ఎవరిది?

ఇప్పుడు శిక్షణ కేంద్రానికి వద్దాం. పేరు చెప్పను, ఇది ఒక్క కేంద్రం కథ కాదు. మా మండల కేంద్రంలో ఒక సంస్థ గిరిజన యువతులకు చేతి ఎంబ్రాయిడరీ కోర్సు పెట్టింది. మా తండా నుంచి ఒక యాడి తన మనవరాలిని చేర్పించడానికి వచ్చింది. తోడుగా నేనూ పోయాను. చేరాలంటే పదో తరగతి మెమో కావాలి, వయసు పరిమితి ఉన్నది. యాడికి రెండూ లేవు. ఆమె చేరతానని అడగలేదు కూడా. మనవరాలికి ఇచ్చిన నమూనా గుడ్డ చేతిలోకి తీసుకుని చూసింది. చట్రం అంచుకు మరీ దగ్గరగా ఉన్నది. ‘ఇది నిలవదు బిడ్డా’ అని గోర్ బోలిలో చెప్పి, పళ్లతో దారం తెంపి, విప్పి, మళ్లీ వేసి చూపించింది. ట్రైనర్ ‘అమ్మా, క్లాసు డిస్టర్బ్ అవుతున్నది, మీరు బయట కూర్చోండి’ అన్నది. పోయేముందు మాత్రం యాడి వేసుకున్న కాంచళిని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకున్నది. వారం తర్వాత అదే డిజైన్ పిల్లలకు జిరాక్స్ కాగితం మీద వచ్చింది.

ఆ ట్రైనర్ మీద నాకు కోపం లేదు. ఆమె కూడా నెల జీతానికి పనిచేసే మనిషి. ఆమెకు ఇచ్చిన పుస్తకంలో ఏమున్నదో అదే చెప్పింది. ఆ పుస్తకంలో ‘ఫ్రెంచ్ నాట్’ ఉన్నది. సూదికి దారం ఒకటి రెండు చుట్లు చుట్టి, పైకి వచ్చిన చోటుకు పక్కనే దింపితే బట్ట మీద గింజలాంటి ముడి పడుతుంది. అదే రంధ్రంలో దింపితే ముడి అటువైపు జారిపోతుంది. మంచి కుట్టు, మా పిల్లలు నేర్చుకోవాలి కూడా. నా ప్రశ్న ఒక్కటే. ఫ్రాన్సు పేరున్న ముడికి మార్కులుంటే, తండా పేరున్న ముడికి ఎందుకు లేవు? యాడి చేతిలోని కుట్టు పేరు జవాబు పత్రం మీద రాస్తే దిద్దగల మనిషి ఆ గదిలో ఎందుకు లేదు?

వచ్చిన పనిని రానిదిగా లెక్కగట్టి, తిరిగి నేర్పి, నేర్పినట్టు లెక్క చూపించడం ఇక్కడ జరుగుతున్నది. రిజిస్టరులో ‘నైపుణ్యం లేనివారు’ అనే గడిలో మా పేర్లు ముందు పడాలి. అప్పుడే ‘నైపుణ్యం పొందినవారు’ అనే గడిలోకి మమ్మల్ని మార్చి చూపించగలరు. ఆ రెండు గడుల మధ్య దూరానికే డబ్బులు మంజూరవుతాయి. యాడికి ఇదివరకే వచ్చు అని ఒప్పుకుంటే ఆ లెక్క కుదరదు.

కేంద్ర ప్రభుత్వం 2023లో పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. 18 వృత్తులను గుర్తించింది. దర్జీ ఉన్నాడు, పూలమాలలు కట్టేవాళ్లున్నారు, చేపల వలలు అల్లేవాళ్లున్నారు. వాళ్లకు అందాల్సిందే. కానీ చేతి ఎంబ్రాయిడరీకి ఆ జాబితాలో విడిగా చోటు లేదు. యాడి అందులోకి పోవాలంటే తాను దర్జీనని చెప్పుకోవాలి. తనది కాని పేరు చెప్పుకుంటే తప్ప తన పనికి గుర్తింపు దొరకని పరిస్థితి అన్నమాట.

మా ఆడవాళ్లు ఎందుకు వదిలేశారు?

‘మీ వాళ్లే వేసుకోవడం మానేశారు కదా, ఇంక ఎవరిని అంటారు’ అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు మాత్రం తండాలో ఒక్కచోటే దొరకదు.

ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసి దేశమంతా తిరిగిన జాతి మాది. కొత్లి సంచుల మీద, ఎడ్ల ముఖానికి కట్టే గుడ్డల మీద కూడా కుట్టు ఉండేది. రైళ్లూ, బ్రిటిష్‌వాళ్ల ఉప్పు పన్నూ ఆ బిడారులను దెబ్బతీశాయి. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం సంచార జాతుల మీద దొంగలనే ముద్ర వేసింది. ఆ ముద్ర మా వాళ్లకూ అంటుకున్నది. 1952లో చట్టం పోయింది, చూసే చూపు పోలేదు. దూరం నుంచే గుర్తుపట్టగలిగే బట్ట కట్టుకుని తిరగడం అప్పుడు ఆడమనిషికి ఎంత భయమో ఆలోచించండి.

తర్వాత బట్ట మారింది. దారాలు లెక్కపెట్టి కుట్టాలంటే దారాలు కంటికి కనపడాలి. చేతి మగ్గం మీద నేసిన ముతక నూలు బట్టలో కనపడతాయి. నున్నటి పాలిస్టర్‌లో కనపడవు. ముతక నేత సంతల్లోంచి పోయింది, దానితోపాటు లెక్కకుట్టు పోయింది. నేతగాడి ఆకలికీ తండా కుట్టు ఆగిపోవడానికీ మధ్య దారం ఉన్నది. సాంస్కృతిక శాఖ సభల్లో ఈ దారం సంగతి ఎవరూ మాట్లాడరు.

ఆ తర్వాత బడి. ఫేటియా, కాంచళి, టుక్రి కట్టుకున్న తల్లి బడి గేటు దగ్గరికి వస్తే పిల్లలు నవ్వుతారు. పిల్ల ఇంటికొచ్చి ‘యాడీ, నువ్వు చీర కట్టుకుని రా’ అంటుంది. తల్లి బిడ్డ కోసం ఆ బట్ట విప్పి పెట్టెలో పెట్టింది. అదే బడిలో జనవరి 26 వస్తే ‘లంబాడి డాన్స్’ పెడతారు. అద్దె దుకాణం నుంచి మెరుపు కాగితం బిళ్లలు అతికించిన లంగాలు తెస్తారు. ఆ లంగా ఎవరు కట్టుకున్నా చప్పట్లే. అసలు బట్ట కట్టుకున్న తల్లికి నవ్వులు, నకిలీ బట్ట కట్టుకున్న పిల్లకు బహుమతి. ఇన్ని ఏళ్లుగా మా పిల్లలు ఈ పాఠం బాగానే నేర్చుకున్నారు.

బట్ట కావాలి, మనిషి వద్దు

కుట్టుకు గిరాకీ లేదని చెప్పేవాళ్లు ఒకసారి గోవా పోయి చూడాలి. అంజునా సంతలో పాత లంబాడి బట్టల ముక్కలు కోసి కుట్టిన సంచులు, దిండు కవర్లు దొరుకుతాయి. ఒక తల్లి పెళ్లినాటి ఫేటియా అంచు ఇప్పుడు ఎవరి భుజానికో సంచి వారు. అవసరానికి అమ్ముకున్న మా ఆడవాళ్లను నేను తప్పుపట్టను. కడుపు ముందు, పెట్టెలో బట్ట తర్వాత. కానీ ఆ ముక్కను ఆస్తిగా చూసినవాళ్లు, దాన్ని కుట్టిన చేతిని ఎందుకు ఆస్తిగా చూడలేదు?

సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. అక్కడి ఆడవాళ్ల కష్టానికి దక్కిన గౌరవం అది, మనకూ సంతోషమే. అయితే జీఐ కాపాడేది పేరును. కుట్టే పద్ధతిని కాదు. ఆ పేరును కూడా ఒక ప్రాంతానికి కట్టేస్తుంది. అదే జాతి, అదే సూది, అదే ముడి అయినా దేవరకొండ తండా ఆడమనిషి తన పనిని ఆ పేరుతో అమ్ముకోలేదు. దేశమంతా నడిచిన జాతికి ఒక్క ఊరి ముద్ర ఎట్లా సరిపోతుంది? జీఐ వస్తే మన బతుకులు మారతాయని సభల్లో చెప్పే నాయకులు ఈ సంగతి కూడా చెప్పాలి.

2023 జులైలో హంపీలో జీ20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా లంబాణీ మహిళలు కుట్టిన 1,755 వస్తువులను పేర్చి గిన్నిస్ రికార్డు సాధించారు. వస్తువులను లెక్కపెట్టారు, బాగున్నది. ఆ ఏడు ఎంతమంది ఆడపిల్లలు తల్లి దగ్గర కూర్చుని ఈ కుట్టు నేర్చుకున్నారో కూడా లెక్కపెడితే ఇంకా బాగుండేది. విద్యకు రికార్డు అదే.

కూలి సంగతి

ఇక్కడ కాస్త లెక్క వేద్దాం. 2025-26లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మట్టి తవ్వినందుకు అది. ఒక అద్దం చుట్టూ ముడుల అంచు కట్టడానికి చేయితిరిగిన మనిషికి పది నిమిషాలు పడుతుందనుకోండి. ఎనిమిది గంటల రోజులో 48 అద్దాలు. అంటే మట్టి తవ్వే కూలి ఇచ్చినా అద్దానికి 6 రూపాయల 40 పైసలు రావాలి. వంద అద్దాల కాంచళికి అద్దాల పనికే 640 రూపాయలు. దారం, బట్ట, గవ్వలు, అల్లిక కుట్టు అన్నీ వేరే. ఇప్పుడు మీ తండాలో పట్నం దుకాణాలకు పని తెచ్చే మధ్యవర్తి అద్దానికి ఎంత ఇస్తున్నాడో అడిగి చూడండి.

మట్టికి ప్రభుత్వం కూలి నిర్ణయించింది. ఇంట్లో కూర్చుని కుట్టే సూదికి ముక్కల లెక్కే. ముక్కల లెక్కలో ఆలస్యం కుట్టేవాళ్ల నెత్తిన, నష్టం కుట్టేవాళ్ల నెత్తిన, లాభం అమ్మేవాళ్ల గల్లాపెట్టెలో. ‘ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసే పని’ అని దానికి పేరు పెట్టారు. తండా ఆడమనిషి ఏ పూట ఖాళీగా ఉన్నదో నాకు తెలియదు.

ఎదురు వాదనలు

ఒకటి: ‘కళ ఎవరి సొంతం కాదు, అందరూ నేర్చుకోవచ్చు.’ ఒప్పుకుంటాను. అద్దం కుట్టు కచ్‌లో ఉన్నది, సింధులో ఉన్నది, రాజస్థాన్‌లో ఉన్నది. దారంలో దారం దూర్చి అల్లే కుట్టును ఇక్కడ ‘కచ్ వర్క్’ అంటారు. దానికి దగ్గరి చుట్టం దూరాన ఆర్మేనియా వాళ్ల మరాష్ పనిలోనూ కనిపిస్తుంది. సూదికి సరిహద్దు లేదు. ఎవరైనా వచ్చి మా యాడి దగ్గర కూర్చుని నేర్చుకోండి, చాప వేస్తాం. కానీ యాడిని బయటికి పంపి, ఆమె కాంచళిని ఫొటో తీసుకుని పోయి నేర్పడాన్ని ‘అందరి కళ’ అనకండి. గురువును గుమ్మం బయట నిలబెట్టిన చదువు ఎక్కడా లేదు.

రెండు: ‘ఆడపిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు కావాలి. మళ్లీ సూది చేతికిస్తారా?’ ఇది మన లోపలి నుంచే, చదువుకున్న మన అన్నదమ్ముల నుంచే వస్తుంది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. బడి మానిపించి కుట్టించే పని ఎవరు చేసినా నేను అడ్డం పడతాను. కానీ చదువుకున్న మన ఆడపిల్లలు ఇప్పుడు సూది పట్టడం లేదా? పట్నాల్లో మగ్గం వర్క్ నేర్చుకుని, ఎవరి పెళ్లి రవికలకో రోజంతా పూసలు కుడుతున్నారు. సూది వాళ్ల చేతిలోనే ఉన్నది, దాని వెనక ఉన్న తల్లి మాత్రం లేదు. పైగా ఇది ఆడపిల్లలకే ఎందుకు? మగపిల్లలకూ నేర్పండి. సూదికి ఆడా మగా తెలియదు. జరీ మగ్గాల మీద మగవాళ్లు కూర్చుని కుట్టడం లేదా?

మూడు: ‘పాత బట్ట పట్టుకుని వేలాడితే వెనకబడిపోతాం.’ రోజూ ఫేటియా కట్టుకోమని ఎవరినీ అనడం లేదు. ఎవరికి ఏది సుఖమో అది కట్టుకుంటారు. కట్టు మారవచ్చు, కుట్టు నిలవవచ్చు. కాంచళి మీది ముడి చీర అంచుకు రావచ్చు, చొక్కా జేబుకు రావచ్చు. మార్పు మా చేతుల మీదుగా జరిగితే అది ఎదుగుదల. మమ్మల్ని పక్కకు నెట్టి జరిగితే దోపిడీ.

ఒక తండా చెప్పిన పాఠం

పోయింది తిరిగి రాదని నిరాశపడేవాళ్లకు సిట్టిలింగి సంగతి చెప్పాలి. తమిళనాడు ధర్మపురి జిల్లాలో ఉన్న లోయ అది. అక్కడి లంబాడి తండాల్లో ఈ కుట్టు తరాల కిందటే ఆగిపోయింది. ఒకరిద్దరు ముసలమ్మల చేతుల్లోనే మిగిలింది. అక్కడ ఆసుపత్రి నడుపుతున్న గిరిజన ఆరోగ్య సంస్థ వాళ్లు పూనుకుని, ఆ పెద్దవాళ్ల చేతే వయసు ఆడవాళ్లకు నేర్పించారు. ఈ రోజు అక్కడి మహిళలు ‘పోర్గై’ పేరుతో సంఘం పెట్టుకుని తమ పని తామే అమ్ముకుంటున్నారు. పోర్గై అంటే గర్వం అని అర్థం చెబుతారు.

ఇందులో మనం గమనించవలసింది ఒకటే. బయటివాళ్లు సాయం చేశారు, కానీ గురువులుగా కూర్చున్నది తండా ముసలివాళ్లు. ఇక్కడ చేయవలసింది కూడా అదే. అయితే ఆ ముసలి చేతులు మన కోసం ఆగవు. కళ్లు మసకబారుతున్నాయి, వేళ్లు వణుకుతున్నాయి. తెలంగాణలో 2011 జనగణన ప్రకారమే 20 లక్షలకు పైగా ఉన్న జాతి మాది. ఇంత జాతి ఒక్కొక్క యాడినీ ఊరికే పోగొట్టుకుంటూ కూర్చున్నది.

మేము అడిగేది

మేము దయ అడగడం లేదు. ఉన్న నిబంధనల్లోనే దారి ఉన్నది. కేంద్ర నైపుణ్య పథకంలో ముందే వచ్చిన పనిని పరీక్షించి గుర్తించే పద్ధతి ఉన్నది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని బడి పెట్టి, స్థానిక చేతివృత్తులవాళ్ల దగ్గర పని నేర్పాలన్నది. స్థానిక విద్యలు తెలిసినవాళ్లను బోధకులుగా తీసుకోవచ్చని కూడా అదే విధానం చెప్పింది. కాగితం మీద ఉన్నదాన్ని తండాకు తెమ్మని అడుగుతున్నాం.

1. గిరిజన ప్రాంతాల్లో కుట్టు శిక్షణ పెడితే, బోధకుల్లో సగం మందైనా ఆ తండాల పెద్ద మహిళలే కావాలి. వాళ్లకు పదో తరగతి మెమో అడగకూడదు, వయసు పరిమితి పెట్టకూడదు. పట్నం ట్రైనర్‌కు ఇచ్చే జీతమే ఇవ్వాలి.

2. వచ్చిన పనిని గుర్తించే పరీక్షను ఆ కుట్టు తెలిసినవాళ్లే పెట్టాలి. బట్టను తిరగేసి చూడగలిగినవాళ్లే మార్కులు వేయాలి.

3. పాఠ్యపుస్తకంలో ప్రతి కుట్టు పక్కన గోర్ బోలి పేరు తెలుగు లిపిలో ఉండాలి. ఏ తండాలో ఏ పేరు ఉంటే ఆ పేరు రాయాలి.

4. గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో వారానికి ఒక పూట తండా పెద్దలు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఈ పని నేర్పాలి. అద్దె లంగాల డాన్సులు ఆపి, పిల్లలు తాము కుట్టిన గుడ్డతో వేదిక ఎక్కాలి.

5. చేతి కుట్టుకు గంటల లెక్కన కనీస కూలి నిర్ణయించాలి. ముక్కల లెక్క దానికంటే తగ్గకూడదు.

6. విశ్వకర్మ లాంటి పథకాల జాబితాలో చేతి ఎంబ్రాయిడరీని దాని సొంత పేరుతోనే చేర్చాలి.

7. చేనేత సంఘాల నుంచి దారాలు లెక్కపెట్టగలిగే ముతక నూలు బట్ట శిక్షణ కేంద్రాలకు కొనాలి. ఒక ఆర్డరుతో నేతగాడి ఇంట, తండాలో రెండుచోట్లా పొయ్యి వెలుగుతుంది.

ఈ మాటలు లంబాడి తండాలకే చెప్పినట్టున్నా, ఈ పుస్తకం చదివే ప్రతి గిరిజన ఇంటికీ వర్తిస్తాయి. కంచు పోత పోసే ఓజకు, బుట్ట అల్లే చేతికి, విల్లు వంచే చేతికి కూడా రేపు ఎవరో కుర్చీ వేసుకుని నేర్పడానికి వస్తారు. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఇదే: నేర్పేది ఎవరు?

ప్రభుత్వం వినేదాకా ఆగనక్కరలేదు. తండాలు ఇప్పుడు గ్రామ పంచాయతీలయ్యాయి, సర్పంచులు మనవాళ్లే. ఫిబ్రవరి 15న సేవాలాల్ మహరాజ్ జయంతి ప్రతి తండాలో చేస్తాం. మైకులకు, ఫ్లెక్సీలకు, భోజనాలకు చందాలు వేసుకుంటాం. ఈసారి ఫ్లెక్సీలు రెండు తగ్గించి, ఆ డబ్బుతో ముతక బట్ట, దారం, అద్దాలు కొనండి. వేదిక పక్కన చాప పరచండి. తండాలో అందరికంటే పెద్ద యాడిని తీసుకొచ్చి అక్కడ కూర్చోబెట్టి, నాయక్‌కు వేసే శాలువా ముందు ఆమెకు వేయండి. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టండి. మొదటి పని ఎవరికి ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. సూదికి దారం ఎక్కించి ఇవ్వమంటుంది.